ఈశాన్యం తూము

ఆ నీళ్ళగది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. కట్టి ఎన్నో ఏళ్ళయింది, కట్టించిన పెద్దమనిషి పోయాడు, అయినా మండుతుంది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు. అట్లా అనేవాళ్ళు ఎప్పుడూ ఇంకొకరు పోసుకున్న నీళ్ళలో నిలబడి స్నానం చేసుండరు.

యుద్ధం జరుగుతున్న రోజులు. నేను పుంగనూరికి కోడలుగా వచ్చేటప్పటికి ఆ ఇంట్లో ఆడవాళ్ళ స్నానమంటే పెరట్లో టెంకాయ మట్టల దడి చాటునే. తలుపు లేదు, కప్పు లేదు. పక్కింటి మిద్దె మీదికి ఎవరు ఎక్కినా అంతా కనబడుతుంది. అందుకని తెల్లవారకముందే, చలికి వణుకుతూ, చీర ఒంటిమీద ఉండగానే రెండు చెంబులు గుమ్మరించుకుని లేచి రావాలి. మగవాళ్ళు మాత్రం ఎండెక్కాక బావి గట్టున తీరిగ్గా పోసుకునేవాళ్ళు. మా అత్త కాపురానికి వచ్చినప్పటి నుంచీ అట్లాగే గడిపింది. మోకాళ్ళు పట్టేశాక మొదటిసారి నోరు తెరిచి కొడుకును ఒకటి అడిగింది. నాలుగు గోడలు, ఒక తలుపు, లోపల గడియ. పగటిపూట తలుపు వేసుకుని స్నానం చేయాలని ఆమె కోరిక. అంతకు మించి ఏమీ లేదు.

మామగారు లేరు గనుక పెత్తనమంతా అత్త అన్నగారిది. ఆయన కుప్పంలో ఉండేవాడు, వరసకు నాకు పెద్దనాన్న. సిమెంటు కంట్రోలులో ఉండటంతో మా ఆయన మదనపల్లెలో ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, నేలకు మాత్రం సరిపోయేంత పర్మిట్టు సంపాదించాడు. గొట్టాలను పెద్దనాన్న బెంగళూరు నుంచి కుప్పానికి రైల్లో తెప్పించి, అక్కడినుంచి బండి కట్టించాడు. గొట్టాలతో పాటు తానూ వచ్చాడు. అదీ మా ఖర్మ.

మా పెరడు నైరుతికి వాలి ఉంటుంది. వాన పడితే చిన్నపిల్లకైనా తెలుస్తుంది, నీళ్ళన్నీ పోయి ఆ మూల కరివేపాకు చెట్టు దగ్గర చేరతాయి. ఆయన మాత్రం నీళ్ళు ఈశాన్యం నుంచే బయటికి పోవాలన్నాడు. శాస్త్రమన్నాడు. మేస్త్రీ ఆ మూల తవ్వితే జానెడు లోతుకే బండ తగిలింది. తవ్వడం మానేసి గొట్టాన్ని ఆ బండ మీదే పడుకోబెట్టారు. దాంతో గొట్టం నోరు గదిలో మిగతా నేలకన్నా ఎత్తులో నిలిచింది. రెండోవైపు నేలను ఎత్తు చేద్దామంటే అంత సిమెంటు లేదు. అంటే ఏమిటి? నీళ్ళు ఎక్కి పోవాలి.

ఇది నా ఒక్కదానికే కనబడిందని కాదు. మేస్త్రీకి కనబడింది, పెద్దమనిషితో తగువెందుకని తల దించుకున్నాడు. మా ఆయనకూ కనబడింది, మేనమామ ఎదుట నోరు పెగల్లేదు. కాంక్రీటు కలుపుతుండగా నేనే కడవ చంకన పెట్టుకుని వెళ్ళాను.

"పెద్దనాయనా, కాంక్రీటు పోసే ముందు ఈ కడవ నీళ్ళు పోసి సూస్తాం. పోకుంటే గొట్టం మారుస్తాం" అన్నాను.

"రాహుకాలం వస్తాండాది. ఆడోళ్ళ మాట వింటా కూసుంటే ముహూర్తం ఆగతాదా?" అని ఆయన నాతో కాదు, మేస్త్రీతో అన్నాడు.

ఎక్కడ పంచాయితీ జరిగినా 'నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు' అని మొదలుపెట్టే మనిషి ఆయన. నేనడిగింది ఒక్క కడవ నీళ్ళు. పోయనిచ్చుంటే పల్లం ఎటుందో ఆ నీళ్ళే చెప్పేవి. కడవ దించి, నా కళ్ళముందే కాంక్రీటు పోస్తుంటే చూస్తూ నిలబడ్డాను. అది ఆరి రాయి అయింది. పగలగొట్టి మళ్ళీ పోద్దామంటే సిమెంటు దొరికే రోజులు కావు.

మొదటి తలంటు ఆయనదే. నీళ్ళు నైరుతి మూలకు చేరి పాదాలు మునిగేదాకా నిలిచాయి. తల తుడుచుకుంటూ బయటికి వచ్చి, కొత్త నేల గదా, నీళ్ళకింకా దోవ అలవాటు కాలేదన్నాడు. నీళ్ళకు దోవ అలవాటు కావాలట! ఆయన కుప్పం వెళ్ళిపోయాడు, ఎత్తిపోయడం మాకు మిగిలింది. సబ్బు నురగా వెంట్రుకలూ తేలే ఆ మడుగును రోజూ చెంబుతో ముంచి పెరట్లో పారబోయాలి. మా అత్త వంగలేదు. నేను ఎత్తిపోస్తుంటే చూడలేక, కొన్నాళ్ళకు మళ్ళీ చీకట్లో దడి చాటుకే పోవడం మొదలుపెట్టింది. గదిలో కట్టెలు పేర్చారు.

ఒక ఉదయం ఆమె తడిచీరతో, గోడ పట్టుకుని నడిచి రావడం చూశాను. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పొద్దెక్కగానే కట్టెలన్నీ బయట పారేసి, గడ్డపార తీసుకుని నైరుతి మూల గోడ అడుగున పొడిచాను. నేల సిమెంటుదైనా గోడ మట్టీ రాయే. మా ఆయన వచ్చి, మామ ఏమంటాడో అని నసిగాడు. పక్కకు జరగమన్నాను. రాయి ఊడి వచ్చాక, ఆ రోజు పోయనివ్వని కడవ నీళ్ళు పోశాను. కరివేపాకు చెట్టు దాకా ఎక్కడా ఆగకుండా పోయాయి.

సంగతి కుప్పం చేరింది, ఆయన దిగాడు. మిట్టమధ్యాహ్నం. అత్త గడియ వేసుకుని గదిలో ఉంది. ఆయన నావైపు చూడకుండా గోడ చుట్టూ తిరిగి వచ్చి, బొక్క దగ్గర నిలబడి, లోపలికి వినబడేలా చెల్లెలితో అన్నాడు.

"నైరుతిలో తూము పెడితే ఇంటి ఆడమనిషికి కీడు. ఇప్పుడే మూయించు."

లోపల చెంబు చప్పుడు ఆగింది.

"అన్నా, పట్టపగలు తలుపేసుకోని నీళ్ళు పోసుకుంటాండాను" అంది మా అత్త. "కీడంటే ఇదే అయితే, ఇన్నేండ్లూ యాడ పోయిండాది?"

మళ్ళీ చెంబు చప్పుడు మొదలైంది. బొక్కలోంచి నీళ్ళు వచ్చి ఆయన చెప్పుల కిందికి చేరాయి. ఆయన పక్కకు జరిగాడు.