ఉప్పుపొన్నలకు మంచినీళ్లు

ఉదయం ఆరింటికి విజయవాడలో అవనిగడ్డ బస్సెక్కాను. మా వన్ టౌన్ బట్టల కొట్టుకు ఎప్పటినుంచో వచ్చే నాంచారయ్య గారు వరి మానేసి, నాగాయలంక అవతలి దీవిలో ఇంటి ముందు ఉప్పుపొన్న అనే మడ చెట్లు పెంచుతున్నారు. పోయిన తుపానుకు సముద్రం ఆయన ఇంట్లోకి వచ్చింది. అలలకు అడ్డుపడే ఆ చెట్లు ఈ వైపు అరుదైపోయాయి. "నా అడవి చూద్దురుగాని రండి కరీం గారూ" అని పిలిచి పిలిచి చంపారు.

అవనిగడ్డలో ఇడ్లీ తిని నాగాయలంక ఆటో ఎక్కాను. పక్కన చేపల బుట్టతో కూర్చున్నావిడ, "దీవికా అండీ? నీళ్ల సీసా పట్టుకెళ్లండి. అక్కడ తాగేనీళ్లు కూడా పడవెక్కి రావాల్సిందే" అంది.

రేవులో నాంచారయ్య గారి పడవ నిండా నీళ్ల టిన్నులే.

"ఇవన్నీ మీకేనా అండీ?"

"ఒకటి మాకు. మిగతావి మొక్కలకండీ."

మధ్యాహ్నానికి దీవి చేరాం. మొక్కలన్నీ ఎండుపుల్లల్లా ఉన్నాయి. నేల బీటలిచ్చి తెల్లగా ఉప్పు తేలింది. చుట్టూ చక్కగా మెత్తిన గట్టు.

"పోటుకి ఉప్పునీరు ఎక్కుతుంటే ఊరుకుంటామా అండీ? చేలో కట్టినట్టే కట్టేశా" అంటూ ఆయన ఒక్కో మొక్క మొదట్లో మంచినీళ్లు పోస్తున్నారు. డెల్టా రైతుకు ఉప్పునీరంటే పంట పోవడమే. ఆ చేతులకు ఇంకోటి తెలియదు.

గట్టు బయట బురదలో నాలుగైదు మొక్కలు పచ్చగా ఉన్నాయి. వాటి వేళ్ల మధ్య చిన్న పీతలు, రొయ్యపిల్లలు తిరుగుతున్నాయి.

"ఇవెవరు నాటారు?"

"ఎవరూ నాటలేదండీ. నాటడానికి మోసేటప్పుడు జారిపడ్డ కాయలు."

"వీటికి నీళ్లు పోశారా?"

ఆయన ఆ మొక్కల వైపు, చేతిలో టిన్ను వైపు చూశారు. గట్టు మీద కూలబడ్డారు. కాసేపటికి లేచి పార తెచ్చి, గట్టు తెగ్గొట్టారు. అప్పుడే పోటు మొదలవుతోంది. ఉప్పునీరు కాళ్లకు తగలగానే ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. లోపలి మొక్కల్లో కొన్నింటి మొదలు ఇంకా పచ్చిగానే ఉంది.

నాలుగింటి పడవలో తిరిగొచ్చి బస్సెక్కాను. తాగే నీళ్లు తగ్గించుకుని పోసి, బతికించే పోటునీరు ఆపి, ఒక మనిషి తన అడవిని ఎండబెట్టుకున్నాడు. ఆ దిగ్భ్రాంతి నన్ను వదల్లేదు. చల్లపల్లి దాటాక ఫోన్ మోగింది.

"కరీం గారూ, నీళ్లు మా మెట్టు దాకా వచ్చేశాయండీ. పార పట్టుకుని నిలబడ్డాను. గట్టు మళ్లీ కట్టేయమంటారా?"

మునిగేది నా ఇల్లు కాదు.

"వద్దండీ" అన్నాను.

అవతల పార నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.