బండి మాట జవదాటని కుర్మయ్య

కుర్మయ్య తన జీవితంలో ఏ పనీ తాను చేయలేదు. మంచైనా చెడైనా, అలకైనా ఆలస్యమైనా, అన్నీ ఆయన మోటారే చేసింది. ఆయన చెప్పుకునే ప్రకారం ఆయన ఒట్టి చక్రం పట్టుకు కూర్చునే మనిషి. నిర్ణయాలన్నీ బండివి.

"కుర్మన్నా, నిన్న మా ఇంటికి బువ్వకొస్తనంటివి, రాకపోతివేంది?" అని ఎవరైనా నిలదీస్తే ఆయన ముఖంలో తడబాటన్నది మచ్చుకైనా కనపడేది కాదు.

"నేనైతే బయలెల్లిన తమ్మీ. బండే వద్దన్నది."

"బండి వద్దంటె నడిచి రావొద్దా? మాది రెండిండ్ల అవతలనే గదా!"

"దాన్ని ఇడిచిపెట్టి ఒక్కన్నే తింటె అది ఊకుంటదా?"

ఇంకేం అడుగుతారు? అడిగినవాడే బండిని కూడా పిలవనందుకు నొచ్చుకున్నట్టు తిరిగి పోయేవాడు.

ఆ బండి ఏ కంపెనీదో శంషాబాదులో ఎవరికీ తెలియదు. ముందు రేకు మీద ఉండాల్సిన పేరు నేను పుట్టకముందే రాలిపోయిందని నా నమ్మకం. ఎవరో నవాబు కుటుంబం వాళ్లు వాడి వాడి, విసిగి, అటక మీద పాత సామాను వదిలించుకున్నట్టు వదిలించుకున్నారట. దానికి తలుపులు నాలుగు, తెరుచుకునేది ఒకటి. ఐదుగురు పట్టే ఆ బండిలో ఎనిమిది మందిని ఎక్కించుకుని, రోజూ పొద్దున శంషాబాదు నుంచి పట్నానికి, సాయంత్రం పట్నం నుంచి శంషాబాదుకు కుర్మయ్య కిరాయికి తిప్పేవాడు. కాదు, తప్పు చెప్పాను. బండే ఆయన్ని తిప్పేది.

ఒకనాడు దొర దగ్గరి నుంచి మనిషి వచ్చాడు. దొర చుట్టాల ఊరికి పోవాలట, బండి కిరాయి లేకుండా ఊరికే రావాలట.

"దొర పిలిస్తె కాదంటమా! నేనైతే తయారు. బండిని జర అడుగుండ్రి" అన్నాడు కుర్మయ్య చేతులు కట్టుకుని.

ఆ మనిషి బండి వైపు చూశాడు. బండిని ఎట్లా అడగాలో అతనికి ఎవరూ నేర్పలేదు. కుర్మయ్యే ముందు రేకుకు చెవి ఆనించి, తల ఊపుతూ కాసేపు విని, నిట్టూర్చాడు.

"దీనికి కడుపుల నొస్తున్నదట. దొరను పెయి మంచిగ చూసుకోమన్నది."

అదే రోజు మధ్యాహ్నం మా వాడకట్టులో జంగమ్మకు నొప్పులు మొదలైతే, కడుపునొప్పి బండి కబురందిన మరునిమిషంలో ఆమె గుమ్మం ముందుంది. పట్నంలో దవాఖాన ఇంకా రెండు మైళ్లుందనగా వెనక సీటు మీద ఆడపిల్ల పుట్టింది. కుర్మయ్య ఆ ఇంట చెంబెడు నీళ్లు కూడా ముట్టలేదు. "బండి సంబురంగున్నది, దాన్ని ఖరాబు చెయ్యొద్దు" అన్నాడు. ఆ పిల్లకు మోటారమ్మ అని పేరు పెట్టారు. ఇప్పటికీ ఊళ్లో ఆమెను అలాగే పిలుస్తారు.

ఇక నా సంగతి. నా పేరు మల్లేశ్వర్. అప్పట్లో అఫ్జల్‌గంజ్‌లో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. కంటపడిన తప్పును దిద్దకపోతే నాకు తిన్నది అరగదు. పెళ్లిపత్రికలు పంచడానికి వచ్చినవాళ్ల చేతికే పత్రిక దిద్ది ఇచ్చి తిట్లు తిన్న ఘనత నాది. ఈ జబ్బు నాకు లేకపోతే ఈ కథే లేదు, అందుకని ముందే ఒప్పుకుంటున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు అది. పెట్రోలు ఇంకా చీటీల మీదే ఇస్తున్నారు. దాంట్లో కిరసనాయిలెంతో, నీళ్లెన్నో, డబ్బా అడుగు తుప్పెంతో పోసేవాడికి కూడా తెలియదు. బహుశా ఆ పుణ్యమే కావచ్చు, కుర్మయ్య బండికి ఒక నియమం ఏర్పడింది. శంషాబాదులో బుద్ధిగా బయలుదేరేది. సాతంరాయి బుద్ధిగా దాటేది. గగన్‌పహాడ్ దగ్గర గుట్ట ఎగువ ఎక్కడం మొదలుపెట్టేసరికి దగ్గు, దగ్గు మీద దగ్గు, చివరికి సరిగ్గా ఎగువ మీద, రోడ్డు పక్క గుడాలు ఉడికించి అమ్మే శివమ్మ పొయ్యి ముందు, ప్రాణం విడిచేది.

"ఏమైంది కుర్మన్నా?"

"ఏమో, బండినడుగు. అలిసిపోయిందేమో. జర ఊపిరి తీసుకోనీ."

ఊపిరి తీసుకోవడానికి దానికి అరగంట కావాలి. ఎనిమిది మందిమీ దిగి ఎండలో నిలబడేవాళ్లం. శివమ్మ కుండలోంచి ఉడికిన బొబ్బర గుడాల వాసన, పైన ఉల్లిగడ్డ ముక్కల ఘాటు. ఎంతసేపని నిలబడతాం? ఒకరి తర్వాత ఒకరు మోదుగాకు డొప్ప పట్టుకునేవాళ్లం. తిని మూతి తుడుచుకునే సరికి బండికి ఊపిరి వచ్చేది. నాలుగేళ్లు ఇదే తంతు. నేను బండిని తిట్టుకుంటూ తిన్న గుడాలు బస్తాల లెక్కన ఉంటాయి.

దీని ఫలితంగా నాలుగేళ్లు రోజూ అచ్చాఫీసుకు ఆలస్యంగా వెళ్లాను. చివరికి ఒకరోజు యజమాని నన్ను పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు. "మల్లేశ్వర్ గారూ, వచ్చే సోమవారం నుంచి మీరు వేళకు రండి. లేదంటే అసలు రాకండి. రెండింట్లో ఏదైనా మాకు సంతోషమే."

ఇంటి నిండా తినేవాళ్లున్న నాకు అది సంతోషం కాదు. ఆ మధ్యాహ్నమే దగ్గర్లో ఉన్న మోటారు మిస్త్రీ దగ్గరికి పోయి దగ్గు లక్షణాలన్నీ ఏకరువు పెట్టాను. ఆయన నోట్లో బీడీ తీయకుండానే రోగం చెప్పేశాడు.

"ఫిల్టర్ సాబ్. పెట్రోల్ వడగట్టే జల్లెడ. చెత్త పట్టి పూడిపోయుంటది. ఎగువ ఎక్కేటప్పుడు ఇంజనుకు పెట్రోల్ ఎక్కువ కావాలె, జల్లెడలకెల్లి రాదు, ఆగిపోతది. కొంచెంసేపు ఆగితే చుక్కచుక్క దిగుతది, మళ్ల నడుస్తది. ఇంత చిన్న పనికి నాలుగేండ్లా!"

ఆ సంగతే కుర్మయ్యకు చెబితే ఆయన ససేమిరా అన్నాడు. "దాని కడుపుల చెయ్యి పెడితె అలుగుతది తమ్మీ." ఇంత కళ్లెదుటి తప్పును దిద్దకుండా వదలడం నా వల్ల అయ్యే పని కాదు. శనివారం ఆయన పెట్రోలు చీటీ కోసం వరుసలో నిలబడ్డ సమయం చూసి మిస్త్రీని బండి దగ్గరికి తీసుకొచ్చాను. ఆయన ముందు రేకు ఎత్తి, చిన్న గాజు గిన్నె ఒకటి విప్పాడు. అందులో పెట్రోలు పట్టే చోటు పావు వంతే మిగిలింది. మిగతాదంతా తుప్పు, ఇసుక, పేరు తెలియని నల్లటి ముద్ద. దాని మీది ఇత్తడి జల్లెడ కంత కనపడకుండా పూడిపోయింది. మిస్త్రీ కొత్త జల్లెడ, కొత్త గిన్నె బిగించి, చేతులు తుడుచుకుని పోయాడు. నేను గొప్ప గ్రంథం దిద్దినంత తృప్తిగా సీట్లో కూర్చున్నాను.

ఆదివారం బండికి సెలవు. సోమవారం పొద్దున బండి దగ్గలేదు. సాతంరాయి దాటింది. గగన్‌పహాడ్ ఎగువ మీదికి పడుచుపిల్లలా ఎగబాకింది. కుర్మయ్య కళ్లు పెద్దవి చేసి చక్రాన్ని చూశాడు, కాళ్ల కిందికి చూశాడు, ఎగువ మీద డొప్పలు పేర్చుకుని లేచి నిలబడిన శివమ్మను చూశాడు. ఆయన తేరుకునేలోపు ఆమె మా వెనక పడిపోయింది. వెనక సీట్లోంచి ఎవరో "ఇయ్యాల బండికి మస్తు జోరున్నది!" అని చప్పట్లు కొట్టారు. కుర్మయ్య పట్నం చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. బండి తరఫున కూడా.

నేను వేళకు ముందే అచ్చాఫీసు చేరాను. యజమాని గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు.

సాయంత్రం నా ఘనకార్యం చెప్పుకుని మెప్పు పొందుదామని కుర్మయ్య ఇంటికి పోయాను. ఆయన లేడు. ఆయన భార్య అనంతమ్మ చేట కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"వచ్చీ రాంగనే రేకు లేపి చూసిండు. ఆ గిన్నె మార్చింది నువ్వేనా?"

"నేనే వదినా. నాలుగేండ్ల చెత్త!"

"ఎంత పని చేస్తివి మల్లేశా! ఆ చెత్త ఊకనే ఉన్నదనుకున్నవా? ప్రతి శుక్రారం రాత్రి ఆ గిన్నె ఇప్పి, పుల్లతోటి జర చెత్త తీస్తడు, జర ఉంచుతడు. మొత్తం తీస్తె గగన్‌పహాడ్ కాడ ఆగదట. మొత్తం ఉంచితె సాతంరాయి దాటదట. నా పెనిమిటి ఇంట్ల ఒక్క గిన్నె కడిగిన పాపాన పోలె గాని, దానికి మాత్రం అంత ఓపిక!"

అరుగు మీద కూర్చున్నాను.

"శివమ్మ పెనిమిటి గోపయ్య లేడా, ఈయనా ఆయనా చిన్నప్పుడు కలిసి గొర్లు కాసినోళ్లు. గోపయ్య కాలు మీద బండరాయి పడి మంచాన పడ్డ కాడికెల్లి ఆ గుడాల కుండనే వాళ్లకు బతుకు. ఈయన ఒకపారి జొన్నలు పంపితె ఆమె మూట ఇప్పకుంటనే వాపసు పంపింది. 'మాకు పెట్టెటోళ్లు వద్దు, మా కాడ తినెటోళ్లు కావాలె' అన్నదట. ఆ ఎగువ మీద ఊకనే ఎవలాగుతరు? ఇయ్యాల కుండ నిండుగనే ఇంటికి పోయిందట."

నాలుగేళ్లుగా నేను తిట్టుకున్న బండిని తలచుకుని నాకే సిగ్గేసింది. అంతలో కుర్మయ్య వచ్చాడు.

"కుర్మన్నా, పాత గిన్నె మిస్త్రీ కాడనే ఉంటది. రేపే తెచ్చి బిగించేస్త" అన్నాను లేచి.

"వద్దు తమ్మీ. నీ కొలువు పోతది. పిల్లలు గలోనివి."

"మరి శివమ్మక్క? మంచిగున్న బండి ఆపితె కాదా?"

"ఆపితె ఆమెకు తెలుస్తది. జాలిపడి ఆపినననుకుంటది. ఆ కుండ బోర్లేసి లోపలికి పోతె, ఇగ జన్మల బయటపెట్టదు. ఆమె సంగతి నాకెరుకే." ఆయన అరుగు మీద కూలబడి తల గోక్కున్నాడు. "రేపు అందర్నీ అరగంట ముందు రమ్మని చెప్పు. బండి ఏమంటదో చూద్దాం."

మర్నాడు అరగంట ముందే బయలుదేరాం. గగన్‌పహాడ్ ఎగువ మీద, పొయ్యి ముందు, కుర్మయ్య బండి ఆపాడు. అది ఆగింది గానీ ఇంజను మాత్రం చక్కగా, నిక్షేపంగా, పాట అందుకున్నట్టు మోగుతూనే ఉంది. దాన్ని ఆపేయాలన్న సంగతి కూడా ఆయనకు తోచలేదు. శివమ్మ నడుం మీద చేయి పెట్టుకుని వచ్చి బండి ముందు నిలబడింది.

"బండి మంచిగనే మోగుతున్నది గదా కుర్మయ్యా. ఎందుకాగింది?"

కుర్మయ్య నోరు తెరిచాడు. ముందు రేకు వైపు చూశాడు. అది ఏ సాయమూ చేయలేదు. లోపల ఎనిమిది మందిమీ మెడలు ముందుకు సాచాం. కుండ పక్కనే బోర్లించడానికి సిద్ధంగా ఉన్నట్టు కనపడింది నాకు. ఆయన చెమటలు తుడుచుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ మాటన్నాడు.

"బండి ఆగలె వదినా. నేనే ఆపిన. నీ గుడాలు లేకుంటె నాకు పొద్దు పోతలేదు. నిన్న తినక దినమంతా పానం పరేషానైంది."

శివమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఈ ముక్క నాలుగేండ్ల కిందనే చెప్తె, పాపం వీళ్లకు ఎండల నిలబడే తిప్పలు తప్పేది గదా! లక్ష జాగలుండంగ నీ బండి రోజూ నా పొయ్యి ముంగటనే ఆగుతదంటె నమ్మనీకె నేనేమన్న ఎర్రిదాన్నా?"

"ఎరుకేనా నీకు? మరి అడగకపోతివేంది?"

"ఎట్లడుగుత? నీ బండి ఇజ్జత్ పోదా!" అంటూ ఆమె డొప్ప నింపి మొదట ఆయన చేతికే ఇచ్చింది. "ఊకనే ఆగి, రెండు గింజలు ముట్టి పోతె అది జాలి. ఖాళీ డొప్పలు చూస్తె తెలుస్తది గదా, అది ఆకలని. ఒక్కనాడన్న ఎవలన్న ఒక్క గింజ మిగిలిచ్చిన్రా?"

మేం మిగల్చలేదు. ఆ రోజు కూడా మిగల్చలేదు. ఎండలో నిలబడకుండానే, బండి నీడలో వరుసగా కూర్చుని తిన్నాం. నేను రెండు డొప్పలు తిని కూడా వేళకు అచ్చాఫీసు చేరాను.

కుర్మయ్య మారాడా అంటే, ఊళ్లో మారలేదు. ఆ తర్వాత కూడా బువ్వకు రాకపోతే బండే రానిచ్చేది కాదు, దొరకు బండే జవాబు చెప్పేది. కానీ రోజూ పొద్దున గగన్‌పహాడ్ ఎగువ మీద మాత్రం ఇంజను ఆపి, కిందికి దిగి, చుట్టూ ఉన్న రాళ్లగుట్టలన్నీ వినేట్టు కేకేసేవాడు.

"వదినా, నేనే ఆపిన!"