ఎవరిదో కోడె వెంట లక్ష్మీరాజం సార్

ఎవరైనా అయోమయంలో పడితే మా పక్కింటి లక్ష్మీరాజం సార్ దారి చెప్పరు. ‘బివైల్డర్’ అనే ఇంగ్లిష్ మాట ఎట్లా పుట్టిందో చెబుతారు.

ఒకసారి నస్పూర్ చౌరస్తాలో ఒకాయన పరేషాన్‌గా, “సారూ, మంథని బస్సు గిక్కడ ఆగుతదా, గక్కడనా?” అన్నాడు.

“ఇగో, నిన్ను గిట్ల తికమక పెట్టుడునే బివైల్డర్ అంటరు. వైల్డ్ అంటే అడవి. మనిషిని దారి లేని అడవిలకు తోలి ఆగం చేసుడన్నట్టు...”

“సారూ, బస్సు!”

“జర ఆగు, ఇంక అడవిలనే ఉన్నం.”

వాళ్లు అడవి దాటేలోపు బస్సు గోదావరి దాటింది.

మొన్న సోమవారం వేములవాడ పోయాం. రిటైరయ్యాక వినేవాళ్లు కరువై, సార్ ఎక్కడికి రమ్మన్నా వస్తారు. మా అవ్వ అనసూర్య బతిమాలి మరీ బయల్దేరింది. “గుంపుల తప్పిపోయినవంటే మళ్ల యాడికీ తోల్కపోను,” అని నేను పెద్ద మొనగాడిలా బెదిరించాను.

గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టేయడం మా మొక్కు. “కోడె వెంబడే నడువు” అన్నాను. అవ్వ అట్లాగే నడిచింది. కాకపోతే అది ఎవరిదో కోడె. నేను మొక్కు తీర్చుకుని చూస్తే అవ్వ లేదు, సార్ కూడా లేరు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అంతలో మైకు మోగింది. “నస్పూర్ నుంచి అచ్చిన లక్ష్మీరాజం సార్ తప్పిపోయిండు. అనసూర్యమ్మ ఆయనను దొరకవట్టి గిక్కడ కూసోవెట్టింది. ఆయన మనుషులు జల్ది రావాలె!”

ఉరికాను. అవ్వ సార్ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. “సారును గిట్ల ఇడిసిపెడ్తరార? ఎవలిదో కోడె వెంబడి పోయిండు. నేను లేకుంటే ఆగమైతుండె!” అని నా మీదికే లేచింది. ఆమె కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

సార్‌ను పక్కకు తీసుకెళ్లాను. “నిజం చెప్పుండ్రి. తప్పిపోయింది ఎవలు?”

“నేనే,” అన్నారు సార్ తొణక్కుండా. “నువ్వు మళ్ల యాడికీ తోల్కపోవని ఎవలన్న ఏడ్సిండ్రా? నాకైతే తెల్వది.”

నాకు సిగ్గేసింది.

తిరుగు బస్సులో అవ్వ పక్క సీటామెకు చెబుతోంది. “సదువుకున్నోడే, పాపం. అడవిల పడ్డట్టు బివైల్డర్ అయిండు.” ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరికీ ఎక్కని ఆ మాట ఇన్నాళ్లకు ఒక్కరికైనా వంటబట్టినందుకు సార్ మురిసిపోయారు.

“అవ్వా, వచ్చే నెల ధర్మపురి పోదాం,” అన్నాను. “సారును నువ్వే చూసుకోవాలె.”

సార్ చెయ్యి చాపారు. “జర గట్టిగ పట్టుకో అక్కా.”