తంపటి చల్లారేదాకా

మా అమ్మాయి వాళ్ళది ధౌలా కువాన్ దాటాక కంటోన్మెంటులో పాతకాలపు క్వార్టరు. అల్లుడు ఆర్మీలో ఉన్నాడు కాబట్టి దొరికింది. గోడలకు చెమ్మ, కిటికీలకు తుప్పు, అన్నీ నిజమే గానీ వెనకాల కాస్త మట్టినేల ఉంది. మయూర్ విహార్‌లో మా ఫ్లాటుకు మట్టి కావాలంటే పూలకుండీలోనే వెతుక్కోవాలి. అందుకే మొన్న చలికాలం మా తమ్ముడు ఊరినుంచి వస్తూ రైల్లో తాటితేగల కట్ట తెస్తే, కుక్కర్లో పడేయకుండా తడిగోనెలో చుట్టి దాచాను. ఆ పెరట్లో మంట వేసి, తేగలు కుండలో కాల్చి, మనవల చేత తినిపించాలని నా పంతం. మా వైపు దాన్నే తంపటి వేయడం అంటాం.

పంతానికి కారణం ఉంది. అల్లుడికి అస్సాం పోస్టింగు వచ్చింది. పిల్లల పరీక్షలు కాగానే అందరూ వెళ్ళిపోతారు. ఆదివారం వస్తే మెట్రో ఎక్కి వాళ్ళింటికి పరిగెత్తే భాగ్యం ఇక ఉండదు. వెళ్ళేలోగా ఒక్క సాయంత్రమైనా నాదంటూ వాళ్ళకు గుర్తుండిపోవాలి. నా ఆశ అంతే.

మా అమ్మాయి గాలిలో కాలుష్యం ఎంతుందో ఫోన్లో చూసి, "ఇవాళ వద్దమ్మా, పిల్లలకు గొంతులు పట్టేస్తాయి" అని వాయిదా వేస్తూ వచ్చింది. కట్ట కుళ్ళిపోతుందేమోనని నాకు బెంగ. ఆఖరికి గాలి వీచి ఆకాశం కాస్త తేటపడ్డ ఓ ఆదివారం "సరే, రండి" అంది.

కుండ తెమ్మని మావారిని పంపాను. ఆయన పువ్వులు చెక్కిన నీళ్ళ మట్కా పట్టుకొచ్చారు. దానికి కిందవైపు ప్లాస్టిక్ కుళాయి!

"మంచినీళ్ళకు కాదండీ బాబూ, మంటలో పెట్టడానికి!" అని నెత్తి కొట్టుకున్నాను.

"కుండలమ్మే భయ్యా దగ్గర ఇవే ఉన్నాయి. అయినా కుళాయి ఉంటే నష్టమేమిటి?" అన్నారు, నాదేదో తప్పయినట్టు.

కుళాయి ఊడబీకితే బొక్క మిగిలింది. గోధుమపిండి ముద్ద చేసి అందులో కుక్కాను. మా అమ్మ చూసి ఉంటే తేగలతో పాటు నన్ను కూడా ఆ కుండలో పెట్టి మూసేది. తేగలు నిలువుగా పేర్చి, మూతికి గడ్డి దట్టించి, కుండ బోర్లించి, చుట్టూ ఎండుపుల్లలూ పిడకలూ పేర్చాం. పిడకలు కూడా ఫోన్లో ఆర్డరిస్తే అట్టపెట్టెలో వచ్చాయి. పెట్టె మీద రంగురంగుల ఆవు బొమ్మ.

మంట లేచింది. పిల్లలిద్దరూ నా శాలువాలో దూరారు. చిన్నవాడు నా ఒళ్ళోనే కూర్చుని, "అమ్మమ్మా, హో గయా?" అని మొదలెట్టాడు.

"ఇంకా లేదురా. తంపటి దానంతటదే చల్లారాలి. తొందరపడితే పచ్చిగా ఉంటాయి."

నిజానికి ఎప్పుడో ఉడికిపోయాయి. కమ్మటి వాసన చెబుతూనే ఉంది. కుండ తీస్తే ఇంకేముంది, తినడం, చేతులు కడగడం, వాళ్ళ హోంవర్కు, మా మెట్రో. తీయనంతసేపూ వాడు నా ఒళ్ళో ఉంటాడు. వాడి జుట్టులో పొగవాసన పీలుస్తూ, అడిగినప్పుడల్లా "ఇంకా లేదు" అన్నాను. మావారు నా మొహం చూసి ఇంకో పిడక వేశారు.

ఎంతసేపని ఆపగలను? కుండ తీశాక చిన్నవాడి కళ్ళు ముందు బొక్కలోని పిండిముద్ద మీద పడ్డాయి. ఎర్రగా కాలి ఉంది. "లిట్టీ!" అని అరిచి పీక్కున్నాడు, బజార్లో నిప్పుల మీద కాల్చి అమ్మే పిండి ఉండ అనుకుని. అక్కా తమ్ముడూ దానికోసం కొట్టుకున్నారు. నా తేగను మాత్రం వాడు ఓ కొస కొరికి, "ఇస్‌మే ధాగా హై" అని ఉమ్మేశాడు.

"దారం కాదురా, పీచు! నమిలి పీచు ఉమ్మేయాలి!"

ఎవరు వింటారు? మా అమ్మాయి పడీపడీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది.

మనవరాలు మాత్రం నా పక్కనే ఉండిపోయింది. తేగను రెండుగా చీల్చి, మధ్యలో ఉండే లేత మొలక తీసి దాని చేతిలో పెట్టాను. మేము దాన్ని చందమామ అంటాం. మెల్లగా నమిలి మింగి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మమ్మా, ముందే ఉడికిపోయాయి కదా? నువ్వు కావాలనే తీయలేదు. హై నా?"

దొరికిపోయాను. అది బూడిద అంటిన తన చేతిని నా చేతిమీద వేసింది.

"ఒక వారం చాలా బాధగా ఉంటుంది అమ్మమ్మా. ఫిర్ ఆదత్ హో జాతీ హై. తర్వాత కొత్తవాళ్ళు ఎవరో దొరుకుతారు. ప్రామిస్."

ఊరు మారినప్పుడల్లా వాళ్ళమ్మ దానికి చెప్పే మాటలవి. ఎన్ని బడులు, ఎంతమంది స్నేహితులను వదిలి వస్తే నేర్చుకుందో, నన్ను ఓదార్చడానికి అప్పజెప్పింది.

"ఠీక్ హై తల్లీ" అన్నాను.

దానికి వారంలో అలవాటైపోవాలి. పసిది, ఏడవకూడదు. నాకు మాత్రం ఎప్పటికీ అలవాటు కాకుండా ఉంటే బాగుండును.