తంగేడు మీది పసుపు రెక్కలు

నిన్న జనగామ స్టేషన్‌ల రైలు కోసం నిలబడితే, ప్లాట్‌ఫారం చివర పూసిన తంగేడు మీద ఒక పసుపు సీతాకోకచిలుక కనబడ్డది. బొటనవేలి గోరంత ఉంటది.

చిన్నప్పుడు మా ఊరి బీడు నిండ గవే ఉండేవి. అమ్మను అవ్వ అని, నాయినను బాపు అని పిలిచేదాన్ని. బతుకమ్మకు తంగేడు పూలు కోసేటప్పుడు అవ్వ ముందుగాల కొమ్మను మెల్లగ ఊపేది. "వాటిని లేవనియ్యి బిడ్డా, పాపం తగుల్తది" అనేది. అన్నీ లేచినంకనే పువ్వు మీద చెయ్యేసేది.

తెలంగాణ కొట్లాట జోరు మీదున్న ఏడు, పండుగకు బాపు బొంబాయి నుంచి వచ్చే రోజే రైల్‌రోకో పడ్డది. అవ్వ, మా వాడకట్టు ఆడోళ్లు బతుకమ్మలను మా ఊరి పక్క రైలు పట్టాల నడుమ పెట్టి చుట్టు తిరుగుకుంట ఆడిన్రు. పూల వెంబడే సీతాకోకలూ వచ్చినయి. దూరంగ ఒక రైలు ఆగి ఉన్నది.

"బాపు గా బండిలనే ఉన్నడా అవ్వా?"

"ఉన్నడేమో బిడ్డా. జర ఓపిక పట్టు."

డ్రైవరు గూడ అవి లేచేదాక ఆగిండనుకున్న నేను. గౌను అంచు పట్టుకొని విసురుకుంట పూల మీది సీతాకోకలను లేపిన. లేచినట్టే లేచి మళ్ల వాలేవి. ఏడుపొచ్చేదాక తోలిన. రైలు కదలలే.

పొద్దుగూకినంక బాపు పట్టాల వెంబడి నడిచి వచ్చిండు. ఆటల ఆ రైలు దిక్కు మర్లినప్పుడల్లా అవ్వ పాట ఎందుకు తడబడ్డదో నాకు చాన ఏండ్లకు తెలిసింది.

ఇప్పుడు అవ్వ లేదు. బీడంత ఇండ్లయింది.

నిన్న నా రైలు వచ్చింది, ఆగింది, పోయింది. కొమ్మకు చెయ్యి తగలకుండ నేను ఆ తంగేడు కాడనే నిలబడ్డ.