మేడం గొట్టంలో నా చెంబు నీళ్ళు

అందరూ బాగున్నారా? మేడం వాళ్ళింటాయన అయ్యగారూ, షుగర్ బిళ్ళలు మానట్లేదు గదా? అటెండర్ తమ్ముడూ, మోకాలు ఎట్టుంది? ల్యాబ్‌లో చదువుకున్న పిల్లలూ, వేళ్ళ మీద ఆసిడ్ మచ్చలు మానినయ్యా? నాకు బీపీనే. మన కెమిస్ట్రీ మేడం పోయిందని మంగళవారం ఫోనొచ్చిన కాడ్నుంచీ ఇంకా పెరిగింది.

నరసరావుపేట కాలేజీ ల్యాబ్‌లో గాజుసామాను కడిగేదాన్ని నేను. కడిగిన గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి మేడం, "నీ భయం మంచిదే పిన్నీ, మురికిని ఉండనియ్యదు" అనేది.

మా ఊరు గురజాల పక్కన, క్వారీకి దగ్గర. ఆ ఏడు మా కోడలికి ఆరో నెల. బోరు నీళ్ళ మీద తెల్లటి పొర కడుతుంటే నాకు ముద్ద దిగలా. చెంబునిండా పట్టి మేడం దగ్గరకు తీసుకపోయా. ఆమె చేతికిచ్చేది గదా అని, కొత్తగా కళాయి పోయించిన ఇత్తడి చెంబు, చింతపండుతో తోమి మరీ.

క్వారీ నుంచి సీసం విషమేమన్నా దిగిందేమో చూద్దామని మేడం వేలంత గొట్టం తీసింది. దాంట్లో మందు పట్టించిన సన్నగింజలు. ఆసిడ్ కలిపిన నీళ్ళు పైన పోస్తే సీసం గింజలను పట్టుకుని ఆగిపోద్ది, మిగతావి కిందికి జారిపోతయి. తర్వాత ఇంకో ద్రావకం పోస్తే సీసం దిగుద్ది. దాన్ని మిషన్లో పెట్టి చూస్తారు. చుక్క తర్వాత చుక్క.

"కాస్త తొందరగా దిగేట్టు చెయ్యమ్మా."

"నువ్వు కంగారుపడితే చుక్క కంగారుపడదు పిన్నీ. తోస్తే అన్నీ కలిసి దిగుతయి."

సీసం ఉందని తేలింది. ఇంటికి ఫోన్ చేయబోయా. చేస్తే ఊరంతా కర్రలతో క్వారీ మీదికి పోయేది. మేడం ఫోను లాక్కుంది. చెంబు లోపల గోటితో గీకి నా మొహం చూసింది.

"కోడలు దీంతోనే తాగుద్దా?"

"నేనే ఇస్తానమ్మా. ఇత్తడి చలవని."

"రేపు ప్లాస్టిక్ బాటిల్లో తే. బోరు నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి పట్టు. అప్పటిదాకా చెంబు ముట్టొద్దు, నోరు తెరవొద్దు."

మర్నాడు తేలింది. బోరులో సీసం లేదు, ఆ తెల్లపొర ఉత్తి సున్నమంట. నా చెంబు కళాయిలో ఉంది, కళాయివాడు తగరంలో సీసం కలిపి పోశాడు. తాపింది నేను.

మేడం కోడల్ని తనే రక్తపరీక్షకు తీసుకపోయింది. కొంచెం ఉంది, చెంబు మానితే తగ్గిద్దన్నారు. కాన్పు దాకా రోజూ చచ్చి బతికా. పిల్ల పుట్టి కేర్‌మన్నాక, "ఇప్పుడన్నా తిను పిన్నీ" అంది మేడం.

అయ్యగారూ, రేపు ఆదివారం పొద్దున బస్సుకు మనవరాలితో వస్తున్నా. దారిలో దానికి దాహమేస్తది. బాటిల్ ఇప్పుడే మూడుసార్లు తొలిచి బోర్లించా. మూతి అంచున ఒక చుక్క ఇంకా వేలాడతానే ఉంది.