మా లంకలో కొనేవాళ్ళు

సముద్రం మధ్యలో ఎక్కడో ఓ చిన్న ద్వీపం ఉందట. పేరుకి దేశమే. ఆ దేశపు ఆర్థిక వ్యవస్థలో పెద్ద వాటా, ఇళ్ళల్లో జనం తినేదీ, కట్టుకునేదీ, ఒంటికి రుద్దుకునేదేనట. పేపర్లో చదివి, పడవలో వెళ్తూ వినిపించాను.

"ఇందులో వింతేముందండీ, మన లంకా అంతేగా," అన్నాడు పడవ నడిపే ఆయన. "పండేది లేదు, అమ్మేది లేదు. తినడమొకటే మిగిలింది."

కృష్ణలో మాదో లంక. ఒకప్పుడు మా గుమ్మడికాయ ఒక్కటి ఎక్కిస్తే ఇక పడవలో మనుషులకి చోటుండేది కాదని విజయవాడ వన్ టౌన్‌లో చెబితే నమ్మినవాళ్ళున్నారు. నా మాటల్లో సగం అలాంటివే. కానీ అరటితోటలు ఏటి పాలైన మాట అబద్ధం కాదు. వరదొచ్చినప్పుడల్లా గట్టు విరిగిపడేది. వరద తీశాక ఇంకో నాలుగిళ్ళవాళ్ళు ఒడ్డుకి వెళ్ళిపోయేవాళ్ళు.

లంక మొత్తానికి ఒకటే కొట్టు, మా అక్కది. బావ పోయాక ఆవిడకి తిండీ అదే, కాలక్షేపమూ అదే. వన్ టౌన్‌లో ఉంటున్న నేను వారానికోసారి అక్కడే సరుకు కట్టించి, ఆటోలో రేవుదాకా, అక్కణ్ణుంచి పడవలో తెచ్చేవాణ్ణి. అట్టపెట్టె విప్పగానే పైనున్న వస్తువుకి పసుపుబొట్టు పెడితే గానీ అక్క సరుకు సర్దేది కాదు.

రానురానూ సబ్బులు కదలడం మానేశాయి. గుమ్మంలో కూర్చుని అక్క దారికేసి చూసే చూపు నేను చూడలేకపోయాను. అప్పుడు పుట్టింది నాకా దిక్కుమాలిన తెలివి. పడవాయన చేతిలో డబ్బు పెట్టి, రోజూ ఏదో ఒకటి కొనమన్నాను. అతను కొన్నవి సంచిలో దాచేవాడు. వారం తిరిగేసరికి నేను వాటిలో బొట్టున్నవి తుడిచి, కొత్త సరుకులో కలిపి, మళ్ళీ అక్కకే దించేవాణ్ణి.

"ఏరు దాటడం ఈ సబ్బులకి నాకంటే బాగా వచ్చేసిందండీ," అనేవాడు.

"అందులోంచి ఒకటి నువ్వు రుద్దుకున్నా నేనేమీ అనుకోను."

అక్క మొహం తేటపడింది. "లంక ఖాళీ అవుతోందంటావేరా నువ్వు? ఆ పడవాయన ఒక్కడింట్లోనే వారానికి నాలుగు సబ్బులు."

"శుభ్రమైన వంశం అక్కా," అన్నాను.

ఆ నెల్లోనే తాసిల్దారు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. లంక వదిలేవాళ్ళకి ఒడ్డున ఇంటిస్థలం ఇస్తారట, నెలాఖరులోపు పేరు రాయించుకోవాలట. చాలామంది రాయించుకున్నారు.

"పోయేవాళ్ళని పోనీండి. ఉన్నవాళ్ళు కొంటూనే ఉన్నారు కదండీ," అంది అక్క. "నడిచే కొట్టు మూసుకుని అక్కడికొచ్చి ఏం చెయ్యను?"

ఆయన నావైపు చూశాడు. చెప్పాల్సింది అప్పుడే. అన్ని అబద్ధాలు ఆడిన నోటికి ఒక్క నిజం రాలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. పై వారం చెబుదామనుకున్నాను. గడువు పోయింది.

ఆ తర్వాత ఓసారి అక్క పెట్టె విప్పి, వేలు పసుపులో అద్ది, సబ్బు మీదికి తెచ్చి ఆగింది. దాని మీద అప్పటికే బొట్టుంది. తుడవడం మరిచాను.

"ఇదేమిట్రా?"

"ఇప్పుడు కంపెనీవాళ్ళే పెట్టి పంపుతున్నారక్కా."

అక్క నవ్వలేదు. మిగతా సబ్బులు ఒక్కొక్కటే తిప్పి చూసింది. "ఎన్నాళ్ళనుంచి?"

"దసరా ముందునుంచి."

"అయితే కొనేవాళ్ళెవరూ లేరన్నమాట."

అక్క పసుపు వేలు కొంగుకి తుడుచుకుంది.

"ఆ స్థలం సంగతి ఇప్పుడు వెళ్ళి అడిగితే?"

"అడిగొచ్చానక్కా. అయిపోయిందన్నారు."

తిడుతుందని అక్కడే కూర్చున్నాను. తిట్టలేదు. కాగితం చింపి, ఆ సబ్బు వాడకానికి పంపు దగ్గర పెట్టి వచ్చి, పొయ్యి వెలిగించింది.

ఇప్పుడు నేను సరుకు తేవడం లేదు. కొట్లో ఉన్నదే అక్క వండుకుంటోంది. వారానికోసారి వెళ్ళి నేనూ తింటున్నాను. లంకలో ఇక జరిగే వ్యాపారం అదొక్కటే. వన్ టౌన్‌లో నా గదికి రమ్మంటే, "ఇవి అయిపోనీరా," అంటుంది. మొన్నటితో సేమ్యా అయిపోయింది. కందిపప్పు ఇంకా బస్తాన్నర ఉంది. పురుగు పట్టకుండా ఎండబోద్దామంటే వెనక పెరడు ఏట్లో కలిసిపోయింది. వాకిట్లోనే పోస్తోంది.